తండ్రి చేతిలోని తక్కెడ



గత మాసం బంధువుల ఇంట జరిగిన ఒక శుభకార్యం నిమిత్తం నెల్లూరు జిల్లా బోగోలు మండలంలోని జువ్వలదిన్నెకు వెళ్ళవలసి వచ్చింది. బిట్రగుంట స్టేషనులో రైలు దిగి తూర్పు దిక్కుగా సాగితే, ఊరు దగ్గరపడుతున్న కొద్దీ ఉప్పుగాలి ముఖానికి తగులుతుంది. ఒడ్డున పడవలు, ఎండకు ఆరవేసిన వలలు, చేపల బుట్టలతో హడావుడిగా నడిచే స్త్రీలు, దూరాన హార్బరు కట్టడాలు. అస్ర్ నమాజు ముగించుకొని నేను సముద్రం వైపు నడిచేసరికి, ఇసుకలో రెండు కర్రలు పాతి, పాత వలను అడ్డంగా కట్టి, పదిహేను పదహారేళ్ళ పిల్లలు వాలీబాల్ ఆడుతున్నారు. వారి మధ్య నిటారుగా నిలబడి, మెడలో ఈల వేలాడదీసుకొని, ఒక పెద్దాయన ఆట నేర్పుతున్నారు.

ఆయనను ఊరంతా హవల్దారు చాచా అంటారు. 1971 యుద్ధకాలంలో నవయువకుడిగా సైన్యంలో ఉన్నవారు. డెబ్బై దాటిన వయసు. యుద్ధం మాట ఎత్తితే రెండు ముక్కలలో ముగించి సంభాషణను మరొక వైపు మళ్ళిస్తారు. పింఛనుతో సంసారం నడుపుకుంటూ, చాలాకాలం మంచం పట్టిన భార్యకు చివరి దినం వరకు తన చేతులతోనే సేవ చేశారని బంధువులు చెప్పారు. ఫజ్ర్ నమాజు తరువాత మనుమడితో కలిసి ఒడ్డున పరుగు, అస్ర్ నుండి మగ్రిబ్ వరకు ఊరి పిల్లలకు ఆట. ఆయన దినచర్య అంతే. ఆ పిల్లలలో జాలర్ల బిడ్డలున్నారు, రైతుల బిడ్డలున్నారు, మన బిడ్డలూ ఉన్నారు. ఆ ఇసుక మీద వారందరికీ ఒకటే వరుస.

ఆ రాత్రి భోజనాల వేళ వారి ఇంట చిన్న తుఫాను చెలరేగింది. పక్క ఊరి జట్టుతో జరగబోయే ఆటకు చాచా ఆరుగురిని ఎంపిక చేశారు. ఆ ఆరుగురిలో ఆయన మనుమడు లేడు. కోడలు కంటతడి పెట్టుకుంది.

"బయటి పిల్లలకు నేర్పడానికి ఉన్న ఓపిక, ఇంటి బిడ్డను ఆడించడానికి లేకపోయిందా మామా?" అన్నది.

ఆయన బదులు పలకలేదు. మనుమడు పళ్ళెం ముందు నుండి లేచి వెళ్ళిపోయాడు. తరువాత అరుగు మీద నా పక్కన కూర్చుని, చాచా తగ్గు స్వరంతో అడిగారు: "బేటా, వాడు ఆరో పిల్లవాడికి తీసిపోడు. కానీ వాణ్ణి తీసుకుంటే, తాత గనుక తీసుకున్నాడని నలుగురూ అంటారు. నేను చేసింది న్యాయమా, పిరికితనమా?"

ఈ ప్రశ్న ఒక్క జువ్వలదిన్నెది కాదు. బడి నడిపే తండ్రి, దుకాణంలో కొడుకును పనికి పెట్టుకున్న యజమాని, మస్జిదు కమిటీలో ఉన్న పెద్ద, తరగతిలో తన కూతురే ఎదుట కూర్చున్న ఉపాధ్యాయురాలు, వీరందరిదీ ఇదే ప్రశ్న. ఆ రాత్రి నాకు మన తెలుగు నేలకే చెందిన మరొక తండ్రీ కొడుకులు గుర్తుకు వచ్చారు. చాచాకు వారి కథే చెప్పాను. మీకూ అదే మనవి చేస్తున్నాను.

హైదరాబాదు ఉపాధ్యాయుడు

సయ్యద్ అబ్దుర్ రహీమ్ 1909లో హైదరాబాదులో జన్మించారు. వృత్తిరీత్యా బడిపంతులు. కాచిగూడ, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ పాఠశాలలలో పిల్లలకు చదువు చెప్పారు. అందుకే ఆయన ఎంత ఎత్తుకు ఎదిగినా లోకం ఆయనను 'రహీమ్ సాబ్' అనే పిలిచింది. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు సంవత్సరాలు బొంబాయిలో రోవర్స్ కప్పును గెలుచుకుంది. భారత జట్టుకు శిక్షకుడై, 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో ఫుట్‌బాల్ స్వర్ణాన్ని సాధించారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు సెమీఫైనల్ వరకు వెళ్ళి నాలుగవ స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారతదేశం నేటికీ దానిని మించలేదు.

ఆయన పద్ధతి ఉపాధ్యాయుని పద్ధతి. కుడికాలు వాటమైన పిల్లవాడి చేత ఎడమకాలితోనే బంతి తన్నించేవారు. బలహీనమైన కాలితో మాత్రమే ఆడవలసిన పోటీలు ఏర్పాటు చేసేవారు. ఒక్కడే బంతిని అంటిపెట్టుకొని మెరిసిపోవడం కంటె, వెంటనే తోటివానికి అందించడం గొప్ప అని నేర్పేవారు. బలమున్న చోట మెచ్చుకోవడం సులభం. బలహీనత ఉన్న చోట నిలబెట్టి సాధన చేయించడమే గురువు పని.

రోమ్ నగరంలో తండ్రీ కొడుకులు

రహీమ్ సాబ్ కుమారుడు సయ్యద్ షాహిద్ హకీమ్ 1939లో జన్మించారు. తండ్రి ఆటనే ఎంచుకొని మిడ్‌ఫీల్డరుగా ఎదిగారు. భారత వాయుసేన యూనిఫాం ధరించారు. 1960లో సంతోష్ ట్రోఫీ గెలిచిన సర్వీసెస్ జట్టులో సభ్యులు. అనగా రక్షణ దళాల తరఫున దేశమంతటి జట్లతో తలపడి తన విలువను నిరూపించుకున్న యువకుడు. తండ్రి నీడలో మాత్రమే పెరిగిన మొక్క కాదు.

అదే సంవత్సరం రోమ్ ఒలింపిక్స్. భారత జట్టు శిక్షకుడు రహీమ్ సాబ్. నాయకుడు పి.కె. బెనర్జీ. సికింద్రాబాదు ముద్దుబిడ్డ తులసీదాస్ బలరామ్, మన హైదరాబాదీ యూసుఫ్ ఖాన్ ఆ బృందంలో ఉన్నారు. ఇరవై ఒక్క సంవత్సరాల హకీమ్ కూడా ఉన్నారు.

మన బృందానికి ఎదురైన జట్లు హంగేరీ, ఫ్రాన్స్, పెరూ. ఆ పోటీలలో చివరకు కాంస్యం గెలిచిన హంగేరీ చేతిలో మనవారు 1-2 తేడాతో మాత్రమే ఓడారు. ఫ్రాన్స్‌ను 1-1తో నిలువరించారు. పెరూ చేతిలో 1-3తో ఓడి వెనుదిరిగారు. మూడు ఆటలు, మూడు పర్యాయాలు తుది పదకొండు మంది పేర్ల ప్రకటన. ఆ మూడింటిలో ఒక్కదానిలోనూ శిక్షకుని కుమారుని పేరు లేదు. నేటిలా ఆట మధ్యలో ఒకరిని తప్పించి మరొకరిని దింపడం ఆనాటి ఫుట్‌బాల్‌లో మామూలు విషయం కాదు. ప్రపంచ కప్పులో సైతం 1970లో గాని ఆ వెసులుబాటు రాలేదు. మొదట పేరు లేనివాడు చివరి వరకు చూస్తూ కూర్చోవలసినదే.

సోదరులారా, ఒక్క క్షణం ఆ తండ్రి స్థానంలో మనలను ఊహించుకుందాం. ఒలింపిక్స్ మైదానం. కొడుకు పక్కనే కూర్చుని ఉన్నాడు. జట్టు చీటీ రాసే కలం మన చేతిలోనే ఉంది. మూడు ఆటలలో ఒక్కసారి ఆ పేరు రాస్తే, ఆ బిడ్డ జీవితాంతం తాను ఒలింపిక్స్‌లో ఆడానని చెప్పుకోగలడు. మన కలం ఆగుతుందా?

రహీమ్ సాబ్ మనసులో ఏ ఆలోచన నడిచిందో మనం కల్పించుకోనక్కరలేదు. జరిగినది మన ఎదుట ఉన్నది, అదే చాలు. అయితే అందులో రెండు భాగాలున్నాయి. మనం సాధారణంగా ఒక్క భాగాన్నే చూస్తాము. కొడుకును ఆడించలేదన్నది ఒకటి. కొడుకైనంత మాత్రాన బృందం నుండి తొలగించలేదన్నది రెండవది. లోకం ఏమంటుందోనన్న భయమే ప్రధానమైతే హకీమ్ పేరు రోమ్ విమానం ఎక్కేవారి జాబితాలోనే ఉండేది కాదు.

స్వర్ణం వచ్చిన రోజు

రెండు సంవత్సరాల తరువాత 1962లో జకార్తాలో ఆసియా క్రీడలు జరిగాయి. మొదటి ఆటలోనే మనవారు దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడారు. అక్కడి నుండి థాయిలాండ్‌ను, జపాన్‌ను, సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాంను దాటి సెప్టెంబరు 4న ఫైనల్‌కు చేరారు. ఎదుట మళ్ళీ దక్షిణ కొరియా. క్రీడల రాజకీయాల వలన ఆతిథ్య దేశపు ప్రేక్షకులు మనవారిపై ఆగ్రహంతో ఉన్నారు. లక్షమంది నిండిన స్టేడియం మన ఆటగాళ్ళను గేలి చేసింది. రక్షణ శ్రేణి ఆటగాడు జర్నైల్ సింగ్ తలకు అంతకు ముందే గాయమై కుట్లు పడ్డాయి. రహీమ్ సాబ్ ఆయనను ముందు వరుసలో ఆడించారు. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ ఒక గోలు. 2-1తో స్వర్ణం మనదైంది. ఆనాటి నుండి నేటి వరకు ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారతదేశానికి మరొక స్వర్ణం రాలేదు.

ఆ సమయానికే రహీమ్ సాబ్ శరీరాన్ని క్యాన్సరు లోపల నుండి తినివేస్తున్నది. తొమ్మిది మాసాలు గడవగానే 1963 జూన్ 11న ఆయన అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. అప్పటికి ఆయనకు యాభై మూడేళ్ళు. ఇటీవల 2024లో వచ్చిన 'మైదాన్' అనే హిందీ చిత్రం ఆయన జీవితాన్ని కొత్త తరానికి పరిచయం చేసింది.

జకార్తా జట్టులో హకీమ్ లేరు. ఆ ఎంపిక ఆయనకు అతి కొద్దిలో తప్పిపోయింది. తండ్రి జీవితంలోని అత్యున్నత విజయం నాడు కొడుకు మైదానంలో లేడు. తరువాత మరొక అవకాశం కోసం ఎదురుచూడడానికి తండ్రే లేడు.

ఈల పట్టిన చేయి

ఇక్కడ ఒక మనిషి రెండు దారులలో ఒకదానిని ఎంచుకోవచ్చు. నా తండ్రి నాకు అన్యాయం చేశాడని ఆటకు వీపు తిప్పి, జీవితమంతా ఆ గాయాన్ని గోకుతూ కూర్చోవచ్చు. అటువంటి కొడుకులు మనకు తెలియనివారు కారు. హకీమ్ ఆటను వదలలేదు. వాయుసేనలో స్క్వాడ్రన్ లీడరు హోదా వరకు ఎదిగారు. అది పదాతి సైన్యంలో మేజరు హోదాకు సమానమైనది. మైదానంలో ఆటగాని చొక్కా విడిచి, రెఫరీ ఈల అందుకున్నారు. ఫిఫా గుర్తింపు పొందిన అంతర్జాతీయ రెఫరీ అయ్యారు. 1988లో ఖతర్‌లో జరిగిన ఆసియా కప్పులో రెఫరీగా వ్యవహరించారు.

ఆలోచించండి. తండ్రి తూకం వేసినప్పుడు తేలిపోయిన పళ్ళెంలో కూర్చున్న కొడుకు, తరువాతి కాలంలో స్వయంగా తక్కెడ పట్టుకునే పనిని ఎంచుకున్నాడు. రెఫరీకి స్వంత జట్టు ఉండదు. అతడు గెలవడు, అతని పేరు మీద చప్పట్లు మోగవు. సరిగా చేస్తే ఎవరూ గమనించరు, తప్పు చేస్తే అందరూ దూషిస్తారు. అయినా అతడు లేనిదే ఆట ఆట కాదు.

1982 ఢిల్లీ ఆసియా క్రీడలలో హకీమ్ భారత జట్టుకు సహాయ శిక్షకులు. ప్రధాన శిక్షకుడు ఎవరనుకున్నారు? రోమ్‌లో హకీమ్ బయట కూర్చుని చూస్తుండగా జట్టును నడిపించిన ఆ బెనర్జీయే. ఇరవై రెండు సంవత్సరాల తరువాత ఇద్దరూ ఒకే వైపు నిలబడి కుర్రవాళ్ళను తయారు చేశారు. తరువాత హకీమ్ భారత క్రీడా ప్రాధికార సంస్థలో ప్రాంతీయ సంచాలకులుగా పనిచేశారు. 2017లో మన దేశంలో పదిహేడేళ్ళలోపు బాలుర ప్రపంచ కప్పు జరగడానికి ముందు, ప్రతిభ గల పిల్లలను వెదికి పట్టే కార్యక్రమానికి బాధ్యత వహించారు. డెబ్బై దాటిన వయసులో ఎవరి బిడ్డ అని చూడక, ఆట ఎట్లా ఉన్నదని మాత్రమే చూడవలసిన పని అది. ఒకనాడు తండ్రి కూర్చున్న ఆసనమే అది. ఆ ఏడాదే ఆయనకు ధ్యాన్‌చంద్ పురస్కారం లభించింది. 2021 ఆగస్టు 22న, ఎనభై రెండేళ్ళ వయసులో, గుల్బర్గాలో ఆయన కన్నుమూశారు. అల్లాహ్ ఆ తండ్రీ కొడుకులను మన్నించుగాక.

తక్కెడకు పళ్ళేలు రెండు

సంతానం మధ్య న్యాయం గురించి మన ధర్మం చెప్పిన సంగతి మీరెరిగినదే. హజ్రత్ నుఅమాన్ బిన్ బషీర్ (ర) గారి తండ్రి ఆయనకు మాత్రమే ఒక కానుక ఇచ్చి, దానికి దైవప్రవక్త (స)ను సాక్షిగా ఉండమని కోరగా, తక్కిన బిడ్డలకు కూడా అట్లే ఇచ్చావా అని విచారించి, ఇవ్వలేదని తెలిసి, ఆ సాక్ష్యానికి నిరాకరించిన వృత్తాంతం బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెండింటిలోనూ ఉన్నది. దివ్యఖుర్ఆన్‌లోని అన్నిసా సూరా 135వ వాక్యం బంధుత్వం న్యాయానికి అడ్డు కాకూడదని బోధిస్తుంది.

మనం ఈ బోధను ఎక్కువగా ఒకే దిశలో అర్థం చేసుకుంటాము. మనవారికి అర్హత లేనిది కట్టబెట్టరాదని అనుకుంటాము. నిజమే. కానీ మనవారైనంత మాత్రాన వారికి అర్హమైనది తీసివేయడం కూడా తూకంలో మోసమే. మొదటి తప్పు చేసినవానిని లోకం నిందిస్తుంది. రెండవ తప్పు చేసినవానిని అదే లోకం మెచ్చుకుంటుంది. అందుకే రెండవది మరింత ప్రమాదకరం. ఆ మెప్పు కోసం ఇంటి బిడ్డను బలి పెట్టే పెద్దలు, తాము త్యాగం చేశామని సంతోషిస్తారు. త్యాగం చేసింది వారు కాదు, నోరెత్తని ఆ బిడ్డ.

మరి ఎట్లా తెలుసుకోవాలి? మన మనసును మనమే పరీక్షించుకోవాలి. ఇదే ఆట మరొకరి బిడ్డ ఆడి ఉంటే నేను తీసుకునేవాడినా? ఔనన్న జవాబు వస్తే, మన బిడ్డను కాదనడానికి మనకు హక్కు లేదు. కాదన్న జవాబు వస్తే, ఎంత కన్నీరు పారినా తీసుకోవడానికి హక్కు లేదు. జవాబు ఎటూ తేలకపోతే? దానికి ఆటలోనే ఒక మార్గమున్నది. రెండు దేశాల మధ్య జరిగే ఆటకు సాధారణంగా మూడవ దేశపు రెఫరీని నియమిస్తారు. ఆ రెఫరీలు తమ దేశం ఆడేటప్పుడు అన్యాయం చేస్తారని కాదు. తమ దేశం పట్ల మెత్తబడతారో, మెత్తబడ్డామన్న పేరు వస్తుందని మరీ కఠినమవుతారో, ఆ రెండు పరీక్షల నుండి కూడా వారిని కాపాడడానికి అది ఏర్పాటు. మన ఇళ్ళలోనూ, సంస్థలలోనూ మన బిడ్డ విషయం వచ్చినప్పుడు ఈలను కాసేపు మరొకరికి ఇవ్వడం బలహీనత కాదు, వివేకం.

చివరి మాట ఒకటి. నిర్ణయం ఏదైనా, దానిని బిడ్డకు మనమే చెప్పాలి. జాబితా గోడకు అంటించి మౌనంగా తిరగడం పెద్దరికం కాదు. ఎందుకు తీసుకోలేదో, ఎక్కడ మెరుగుపడాలో పక్కన కూర్చోబెట్టుకొని చెప్పాలి. మరునాడు ఉదయం ఎప్పటివలె కలిసి పరుగెత్తాలి. కఠినమైన తీర్పును పిల్లలు తట్టుకుంటారు. తీర్పు తరువాత వచ్చే దూరాన్ని తట్టుకోలేరు.

ఇదంతా విన్న హవల్దారు చాచా చాలాసేపు సముద్రం వైపు చూశారు. తరువాత, "అంటే, ఈల ఇంకొకరి చేతికి ఇవ్వమంటావు" అని నవ్వారు.

"ఒక్క పూటకే చాచా," అన్నాను.

మరునాడు నేను రైలుకు బయలుదేరే ముందు ఒడ్డుకు వెళ్ళాను. ఇసుకలో ఒక పక్కగా చాచా పిల్లలతో పాటు నేల మీద కూర్చుని ఉన్నారు. ఆయన మెడలో ఈల లేదు. పక్క వీధిలో ఉండే బడిపంతులు ఒకాయన ఆ ఈలను పట్టుకొని, మనుమడిని, ఆ ఆరో పిల్లవాడిని వంతులవారీగా ఆడిస్తూ, చిన్న పుస్తకంలో ఏదో రాసుకుంటున్నారు. మనుమడు సర్వ్ చేసే ముందు ఒకసారి తాత వైపు చూశాడు. చాచా తలూపారు, అంతే. ఎవరు ఎంపికయ్యారో నేను తెలుసుకోలేదు, తెలుసుకోవలసిన అవసరమూ నాకు కనిపించలేదు. ఆ ముందు రాత్రి పళ్ళెం ముందు నుండి లేచిపోయిన బిడ్డ, ఆ ఉదయం తాత చేతిలో నుండి నీళ్ళ సీసా అందుకొని తాగడం మాత్రం చూశాను.

మన చేతులలోని తక్కెడలను సరిగా పట్టుకునే శక్తిని, మన బిడ్డల మనసులను విరగకుండా చూసుకునే ఓర్పును అల్లాహ్ మనకందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.